నొక్కితే నొక్కినట్టుండాల: అమ్మకి బటన్ల ఫోనా, టచ్ ఫోనా?

ఉద్దానం అబ్బాయి (శ్రీకాకుళం), ఆదివారం రాత్రి 9.14

అందరికీ నమస్కారం. అమ్మ ఫోను విషయం మా ఇంట్లో సంక్రాంతి నుంచీ తెగడం లేదు. ఇక్కడ సెల్ పని తెలిసినవాళ్లూ, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లూ ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

అమ్మకి 66 ఏళ్లు. కాశీబుగ్గ దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. నేను శ్రీకాకుళంలో, అన్నయ్య బెంగళూరులో. అమ్మ దగ్గరున్నది తొమ్మిదేళ్ల కిందటి బటన్ల ఫోను. 2 నొక్కి పట్టుకుంటే అన్నయ్యకి, 3 నొక్కి పట్టుకుంటే నాకు వెళ్తుంది. ఆ రెండు బటన్ల మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇప్పుడు 2 అసలు పలకడం లేదు. అన్నయ్యతో మాట్లాడాలంటే నాకు చేసి, "అన్నని ఓపాలి ఫోన్ చెయ్యమను" అంటోంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నయ్య మంచి టచ్ ఫోన్ కొనిచ్చాడు. మనవరాలిని రోజూ వీడియోలో చూసుకుంటుందని వాడి ఆశ. అమ్మ దాన్ని అట్టపెట్టెతో సహా బీరువాలో చీరల కింద పెట్టేసింది. మొన్న నేను వెళ్లి తీయించి చేతికిచ్చాను. బటన్ని నొక్కినట్టే అద్దం మీద వేలు పెట్టి, గట్టిగా నొక్కి, అలాగే ఉంచింది. కిందికి దిగుతుందేమోనని చూస్తోంది. ఈలోపు బొమ్మలు కదలడం మొదలైంది, ఒకటి జారి పక్క పేజీలోకి పోయింది. చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని "పాడైపోనాదేటి?" అని నా మొహంలోకి చూసింది. ఆ చూపు నన్ను వదలడం లేదు.

"ఆ అద్దం ఫోను నాకొద్దు బాబూ. నొక్కితే నొక్కినట్టుండాల" అంటోంది. అన్నయ్యేమో "నేర్పితే వస్తుంది, నువ్వే పట్టించుకోవట్లేదు" అంటున్నాడు.

ఇంకో సంగతి. అమ్మ ముప్పై ఏళ్లు పలాసలో జీడిపిక్కల పని చేసింది. జీడి తగిలి తగిలి వేళ్ల కొసలు నున్నగా, మొద్దుగా అయిపోయాయి. రేషన్ దగ్గర వేలిముద్ర పడదు. ఈ టచ్ కూడా ఒకోసారి పలుకుతుంది, ఒకోసారి పలకదు. కొత్త బటన్ల ఫోన్ కొనాలా, ఉన్న టచ్ అలవాటు చెయ్యాలా? మీ ఇళ్లల్లో ఏం చేశారో చెప్పండి.

ఎచ్చెర్ల స్టూడెంట్, 9.31

అన్నా, మీ అన్నయ్య మాటే కరెక్ట్ అనిపిస్తోంది. మా నానమ్మ నెల రోజుల్లో నేర్చుకుంది. ఇప్పుడు అన్నీ వాట్సాప్‌లోనే కదా. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' మొదలయ్యాక సర్టిఫికెట్లు కూడా అందులోనే అడగొచ్చు. మళ్లీ బటన్ల ఫోన్ కొనిస్తే అమ్మ వెనకబడిపోతుంది.

రాజాం సెల్ సర్వీస్, 10.05

తమ్ముడూ, ఏది మంచిదన్నది తర్వాత. ముందు అమ్మ సిమ్ ఏదో చెప్పు. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే.

చవగ్గా దొరికే బటన్ల ఫోన్లలో చాలావరకు ఇప్పటికీ 2జీవే. జియోకి 2జీ అన్నదే లేదు. 2016లో మొదలైన రోజు నుంచీ 4జీ మీదే నడుస్తోంది, మాట కూడా వోల్టీలోనే, అంటే 4జీ మీదే వెళ్తుంది. ఆ సిమ్ తీసుకెళ్లి 2జీ ఫోన్‌లో వేస్తే సిగ్నల్ రమ్మన్నా రాదు. పోయిన నెల చీపురుపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, కొత్త ఫోన్ పాడైపోయిందని. ఫోన్ బంగారంలా ఉంది. దానికీ ఆయన సిమ్‌కీ పొంతన లేదు, అంతే. కాబట్టి అట్ట మీద 4జీ, వోల్టీ అని రాసి ఉంటేనే కొను.

వాట్సాప్ వచ్చే బటన్ల ఫోన్ అని ఎవరైనా చెప్తే దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకు. అలాంటి బటన్ల ఫోన్లని నడిపే సాఫ్ట్‌వేర్ కైఓఎస్. దాని మీద నడిచే ఫోన్లలో వాట్సాప్‌ని 2024 జూన్ నుంచి కొత్తగా దించుకోనివ్వడం లేదు.

రీచార్జి సంగతి కూడా తెలుసుకో. బటన్ల ఫోన్‌కి నెట్ అక్కర్లేదు కదా, కానీ ఇన్నాళ్లూ నెట్‌తో కలిపిన ప్యాకే వేయించాల్సి వచ్చేది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చింది. మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు కూడా కంపెనీలు విడిగా పెట్టాలి, గడువు ఏడాది దాకా ఇవ్వొచ్చు. షాపువాడు తనంతట తాను వాటిని చూపించడు, నువ్వే అడగాలి.

ఇక అమ్మగారు అన్న మాట. నొక్కితే నొక్కినట్టుండాలని. ఈ పనిలో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను, ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. బటన్ల ఫోన్ విప్పితే ప్రతి బటన్ కిందా కందిగింజంత రేకు బుడిపె ఉంటుంది. వేలు ఒత్తగానే అది టక్కున లోపలికి వంగి బోర్డు మీద రెండు కొసల్ని కలుపుతుంది. వదలగానే మళ్లీ ఉబుకుతుంది. ఆ టక్కు వేలికి తెలుస్తుంది. కళ్లతో చూడక్కర్లేదు, పని అయిందని వేలే చెప్తుంది. అద్దానికి ఆ గుణం లేదు. ఎన్ని వైబ్రేషన్లు పెట్టినా, వేలు పెట్టకముందు ఏ బటన్ ఎక్కడుందో అద్దం చెప్పలేదు.

పాత ఫోన్ మాత్రం పారేయకు. 2 పలకడం లేదంటే ఆ బుడిపె చప్పబడి ఉంటుంది, లేదా తడి చేరి కింద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. విప్పి శుభ్రం చేసి, రేకు స్టిక్కర్ మారిస్తే చాలావరకు లేస్తుంది. మీ దగ్గర్లో ఎవరైనా చేస్తారు. అదే టచ్ ఫోన్ అద్దం పగిలితే కాంబో మొత్తం మార్చాలి, ఒక్కోసారి కొత్త ఫోన్ ధరలో సగం పోతుంది.

భావనపాడు తీరం, సోమవారం ఉదయం 5.50

మాది వేటకెళ్లే ఇల్లు. నాకు రెండు ఫోన్లూ ఉన్నాయి. బోటు మీద టచ్ ఫోన్ చేతికి తీసుకుంటే ఏమవుతుందో చెప్తాను. చెయ్యి తడి, అద్దం తడి, పైన ఉప్పు. మనం ఒకటి నొక్కితే అది ఇంకోటి తెరుస్తుంది. పైకి తోద్దామంటే కిందికి పోతుంది. లుంగీకి తుడిచినా లాభం లేదు, లుంగీ కూడా తడే. పాలిథిన్ కవర్లో చుట్టిన బటన్ల ఫోన్‌ని కవర్ మీంచే నొక్కుతాం, పనిచేస్తుంది.

అలాగని టచ్ దండగ అనను. చేపలు ఎటు ఉండొచ్చో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు సూచనలు ఇస్తారు. ఒడ్డున ఉండగానే అవీ, గాలి మ్యాపూ టచ్ ఫోన్‌లో చూసుకుని బయల్దేరతాం. నీళ్ల మీదికి వెళ్లాక జేబులో ఉండేది చిన్నదే.

తిత్లీ తుఫాను నాటి సంగతి ఉద్దానం తమ్ముడికి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి తోటలు నేల కరిచాయి, స్తంభాలు వరసగా పడుకున్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు. నిజం చెప్పాలంటే మొదట టవర్లే లేవు, ఏ ఫోనూ పనిచెయ్యలేదు. సిగ్నల్ కొద్దికొద్దిగా తిరిగొచ్చేసరికి మా వీధిలో టచ్ ఫోన్లన్నీ నల్లగా చచ్చి ఉన్నాయి. మా చిన్నాన్న బటన్ల ఫోన్‌లో ఇంకా రెండు గీతలు ఉన్నాయి. ఆ ఒక్క ఫోన్ మీదే వీధి వీధంతా "బతికే ఉన్నాం" అని చెన్నైకీ, సూరత్‌కీ, వీరావల్‌కీ చెప్పుకుంది. మనిషికి ఒక్క నిమిషం. చిన్నాన్న పక్కనే కూచుని నంబర్లు కొట్టి ఇచ్చాడు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో బటన్ల ఫోన్ ఒకటి చార్జింగ్‌తో ఎప్పుడూ ఉంటుంది.

ఎచ్చెర్ల స్టూడెంట్, 7.20

భావనపాడు అన్నా, చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

నేను ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. తడి చేతుల సంగతికీ, అమ్మగారి వేళ్ల సంగతికీ కారణం ఒకటే. ఇప్పటి టచ్ స్క్రీన్ ఒత్తిడిని చూడదు. అద్దం కింద సన్నని విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన ఒంట్లో కరెంటు ప్రవహించగలదు కాబట్టి వేలు దగ్గరికి రాగానే అక్కడి చార్జ్ కొంచెం మారుతుంది, ఫోన్ దాన్నే కొలుస్తుంది. ఉప్పునీళ్లలోనూ కరెంటు ప్రవహిస్తుంది, కాబట్టి నీటిబొట్టునీ వేలే అనుకుంటుంది. చర్మం మందంగా, ఎండిపోయి ఉంటే ఆ మార్పు చాలా తక్కువ, అందుకని వేలిని గుర్తుపట్టదు. అమ్మగారు ఎంత గట్టిగా నొక్కినా అందుకే లాభం లేదు. వేలి కొసతో కాకుండా వేలి పొట్టతో, కాస్త ఎక్కువ చోటు తగిలేలా ముట్టుకుంటే పలుకుతుంది. కొన్ని ఫోన్లలో టచ్ సెన్సిటివిటీ పెంచే సెట్టింగ్ కూడా ఉంటుంది, చూడండి.

ఎస్.కోట కాఫీ, 8.02

బటన్ల ఫోనే కొనండి. మా మేనమామకి పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ వచ్చింది, అంటే నొక్కితే ఫోన్‌లోకి యాప్ ఎక్కించేది. నొక్కాడు. మర్నాటికి ఖాతా ఖాళీ. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసేసరికి ఆలస్యమైపోయింది. బటన్ల ఫోన్ ఉండుంటే ఆ ఫైల్ తెరుచుకునేదే కాదు.

రాజాం సెల్ సర్వీస్, 8.40

కాఫీ గారూ, చాలా బాధగా ఉంది. ఏపీకే విషయంలో మీరన్నది నిజం. కానీ ఓటీపీ చెప్పమని ఫోన్ చేసేవాడికి ఏ ఫోనైనా ఒకటే, బటన్ల ఫోన్ ఉందని ధీమాగా ఉండొద్దు. 1930 నంబరు మాత్రం ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి. డబ్బు పోయిన మొదటి గంటలోనే ఫోన్ చేస్తే ఆపే వీలు ఎక్కువ.

గంట్యాడ మేట్, మధ్యాహ్నం 1.35

తమ్ముడూ, నేను ఉపాధి హామీ మేట్‌ని. మీ అమ్మగారి భయం నాకు బాగా తెలుసు, నాకూ అదే ఉండేది.

2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే వెయ్యాలన్నారు. పనిచోట రోజుకి రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలి. అప్పటిదాకా నాకు బటన్ల ఫోన్ తప్ప తెలీదు. నలభై ఏడేళ్లు. ఫోన్ చేతికి రాగానే ఒళ్లంతా చెమట. నా వేలు తప్పు పడితే నలభై మంది కూలీల హాజరు పోతుంది, వాళ్ల డబ్బు పోతుంది. ఆ టెన్షన్‌కి వారం రోజులు అన్నం సయించలేదు.

నేర్పింది మా అమ్మాయి. మొదట మూడు రోజులు కసురుకుంది. "ఇందాకే చెప్పాను కదమ్మా" అనేది. ఒకరోజు నేను ఏడ్చేశాను. తర్వాత అది ఒక పని చేసింది. ఫోన్ నా చేతిలోంచి తీసుకోవడం మానేసింది. ఎంత తప్పు నొక్కినా పక్కన కూచుని చూసేది, తనే నొక్కి చూపించేది కాదు. "పాడవదు, వెనక్కి రా" అనేది. వెనక్కి ఎలా రావాలో ముందు నేర్పింది. అది తెలిశాక భయం సగం పోయింది. ఏ సందులోకి వెళ్లినా మళ్లీ ఇంటి గుమ్మం ముందుకు రావడం తెలిస్తే ఇంక భయమేముంది.

ఇప్పుడు ఫొటో, హాజరు, ఎక్కించడం, సిగ్నల్ లేకపోతే గట్టెక్కి నిలబడటం, అన్నీ నేనే చూసుకుంటాను. కానీ నాకు అవసరం ఉంది కాబట్టి నేర్చుకున్నాను. అమ్మగారికి ఆ ఫోన్‌తో కావలసిందేమిటి? ముందు ఆవిణ్ణే అడగండి. మీ అన్నయ్యకి కావలసింది వేరు కావచ్చు.

విజయనగరం టైపిస్టు, సాయంత్రం 6.10

ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోతున్నాను. గంటస్తంభం దగ్గర డీటీపీ షాపులో ఇరవై రెండేళ్లుగా కీబోర్డు మీద బతికినవాణ్ణి.

నాకు బటన్లంటే ప్రాణం. నోకియా ఇ63 వాడాను, ఇంగ్లిషు అక్షరాలన్నిటికీ విడివిడి బటన్లుండేవి. బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో చూడకుండా ఉత్తరమంత మెసేజ్ రాసేవాణ్ణి. అంతకుముందు నోకియా 1100. 2003లో వచ్చింది, 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోన్. టార్చి, దుమ్ము దూరకుండా ఒకే ముక్కగా పోసిన కీప్యాడ్. అరిచేతిలో చక్కగా ఇమిడేది. మన పల్లెల్లో రాత్రి చేలోకి వెళ్లేవాళ్లకి ఆ టార్చి ఎంత ఆసరా! బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకి 2022 జనవరి 4న సర్వీసులు ఆపేసినప్పుడు, నా దగ్గర ఆ ఫోన్ లేకపోయినా మనసు చివుక్కుమంది. ఇప్పటికీ కీబోర్డు మీద మమకారం పోనివాళ్లు ఉన్నారు. ఐఫోన్‌కి కింద తగిలించుకునే బటన్ల తొడుగు 'క్లిక్స్' అని 2024లో వచ్చింది.

ఇంత ప్రేమించేవాణ్ణి కదా, అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. బటన్ల ఫోన్ మన తెలుగుకి చాలా అన్యాయం చేసింది.

పన్నెండు బటన్ల ఫోన్‌లో ఇంగ్లిషులో 'శ్రీకాకుళం' అని కొట్టాలంటే 7 నాలుగుసార్లు నొక్కితే ఎస్, మళ్లీ ఆగి 7 మూడుసార్లు నొక్కితే ఆర్, 4 మూడుసార్లు నొక్కితే ఐ. అలా పది అక్షరాలకి ఇరవై రెండు నొక్కులు. ఇంగ్లిషుకే ఇంత పని. మన యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఆ పన్నెండు బటన్లలో ఎక్కడ ఇరికిస్తారు? ఇరికించారు, కానీ ఒక్క సంయుక్తాక్షరానికి ప్రాణం పోయేది. అందుకే అందరం తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాం. మా తమ్ముడి పిల్లలు ఇప్పటికీ అలాగే రాస్తారు.

ఎస్ఎంఎస్ సంగతి అంతకన్నా అన్యాయం. ఇంగ్లిషులో అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు. తెలుగులో రాస్తే 70 మాత్రమే. పోనీ ఆ 70 అయినా మన కంటికి కనిపించే అక్షరాలా? 'శ్రీకాకుళం' మన కంటికి నాలుగు అక్షరాలు. ఫోన్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న, మొత్తం పది. ఊరి పేరు రాయగానే ఏడో వంతు అయిపోయింది.

గట్టి బటన్ మీద అచ్చు వేసింది చెరగదు. అదే దాని బలం, తెలుగు దగ్గరికి వచ్చేసరికి అదే ఇబ్బంది. అద్దం మీద అక్షరాలు ఎప్పుడు ఏవి కావాలంటే అవి వస్తాయి. ఐఫోన్‌ని 2007 జనవరిలో చూపించినప్పుడు స్టీవ్ జాబ్స్ చేసిన వాదన కూడా ఇదే, ప్లాస్టిక్ బటన్లు ఒకసారి పోస్తే మారవని. ఆయన తెలుగుని తలుచుకుని చెప్పలేదు, కానీ ఎక్కువ లాభపడింది మనలాంటి లిపులే. ఈరోజు మా షాపుకి వచ్చే ముసలి రైతు కూడా నోటితో చెప్పి తెలుగులో మెసేజ్ పెడుతున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే నా బటన్ల మీద బెంగ కొంచెం తగ్గుతుంది.

నేనిప్పుడు ఏం చేస్తున్నానంటే, టచ్ ఫోన్‌కి ఓటీజీ తీగతో మామూలు కంప్యూటర్ కీబోర్డు తగిలించి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో కొడతాను. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. వేళ్ల కింద టక్కులు వినిపిస్తుంటే, తెర మీద తెలుగు పరుచుకుంటుంటే ఆ హాయి వేరు. రాసే పని ఎక్కువున్నవాళ్లెవరైనా ఉంటే ఒక్కసారి చూడండి, మూడు నాలుగొందల కీబోర్డు చాలు.

ఎచ్చెర్ల స్టూడెంట్, 6.48

టైపిస్టు గారూ, పది లెక్క నేనూ వేసి చూశాను. కరెక్టే! ఇన్నాళ్లూ ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

బొబ్బిలి మాస్టారు, రాత్రి 8.25

నాకు చూపు లేదు. స్కూల్లో సోషల్ చెప్తాను. ఈ చర్చంతా ఫోన్ చదివి వినిపిస్తే విన్నాను, టచ్ ఫోనే.

కొంతమందికి ఆశ్చర్యంగా ఉండొచ్చు. చూపు లేనివాళ్లకి బటన్లే మంచివని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. బటన్ల ఫోన్‌లో 5 మీద చిన్న బుడిపె ఉంటుంది, వేలు దాని మీద పెడితే పైన 2, కింద 8, అటూ ఇటూ 4, 6. నంబరు కొట్టడానికి కళ్లతో పనే లేదు. కానీ ఎవరైనా మెసేజ్ పంపితే? అది చదవడానికి ఇంకొకరిని పిలవాలి. నా జీతం పడిన మెసేజ్ పక్కింటి కుర్రాడితో చదివించుకునేవాణ్ణి. అది ఎంత ఇబ్బందో అనుభవిస్తే తెలుస్తుంది.

టచ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ వేశాక అద్దం మీద వేలు జరుపుతుంటే వేలి కింద ఏముందో అది పలుకుతుంది. కావలసింది వినబడగానే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. నా ఉత్తరాలు నేనే చదువుకుంటున్నాను. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన 'మణి' యాప్‌తో నోటు ఎంతదో నాకు నేనే తెలుసుకుంటున్నాను. చిల్లర కోసం ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. నాకు అక్షరాలు దొరికింది రెండుసార్లు. మొదటిసారి బ్రెయిలీలో, రెండోసారి ఆ అద్దం మీద.

అయినా కాల్ ఎత్తడానికీ, ఎవరికైనా అత్యవసరంగా చెయ్యడానికీ జేబులో బటన్ల ఫోన్ ఉంచుకుంటాను. బస్టాండులో రొద మధ్య టాక్‌బ్యాక్ గొంతు వినబడదు. 5 మీద బుడిపె ఎంత రొదలోనైనా తగుల్తుంది.

అమ్మగారి విషయంలో నాకు తెలిసిన ఒక్క కిటుకు చెప్తాను. ఆవిడ నొక్కి ఉంచుతున్నారు అన్నారు కదా. ఫోన్ దాన్ని 'నొక్కి పట్టుకోవడం' అనుకుని బొమ్మల్ని కదిలిస్తోంది. ఆవిడ తప్పేం లేదు, బటన్ దగ్గర నేర్చుకున్న పద్ధతే అది. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్తే 'టచ్ అండ్ హోల్డ్ డిలే' అని ఉంటుంది. దాన్ని లాంగ్ మీద పెట్టండి. ఆవిడ ఇంకాస్త సేపు నొక్కి ఉంచినా ఫోన్ దాన్ని మామూలు నొక్కుగానే తీసుకుంటుంది. మా పెద్దమ్మ ఫోన్‌లో పెట్టాను, ఆవిడ గొడవ చాలా తగ్గింది. ఆ పక్కనే పవర్ బటన్‌తో కాల్ పెట్టేసే సెట్టింగ్ కూడా ఉంటుంది. కనీసం ఒక్క పనైనా గట్టి బటన్‌తో అవుతుంది.

ఉద్దానం అబ్బాయి, 9.50

మాస్టారూ, నిజంగా చెప్తున్నాను, కళ్లలో నీళ్లొచ్చాయి. ఆవిడ తప్పేం లేదు అన్నారు చూడండి. నేనూ అన్నయ్యా ఆ మాట అనాల్సింది, అనలేదు.

మేట్ అక్కా, మీరన్నట్టు అమ్మనే అడిగాను, ఇప్పుడే ఫోన్‌లో. టచ్ ఫోన్‌లో నీకేం కావాలమ్మా అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పాప మొకం అగుపిస్తే సాలు. మాటలాడ్డానికి నా ఫోనుంది" అంది.

గంట్యాడ మేట్, 10.02

అయితే ఆ ఫోన్‌లో పాప ఒక్కతే ఉండాలి. మిగతావన్నీ తీసేయండి.

ఎచ్చెర్ల స్టూడెంట్, 10.15

అవునన్నా. హోమ్ స్క్రీన్ మీద ఉన్నవన్నీ తీసేసి, వాట్సాప్‌లో పాప చాట్‌ని షార్ట్‌కట్‌గా పెడితే పాప ఫొటోయే అక్కడ బొమ్మలా కనిపిస్తుంది. రాత్రి మీకు స్టెప్స్ మెసేజ్ చేస్తాను.

నిన్న 'వెనకబడిపోతుంది' అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా రూమ్‌లో ఇద్దరు సీనియర్లు 2025 మెగా డీఎస్సీకి చదివేటప్పుడు టచ్ ఫోన్లు ఇంట్లో ఇచ్చేసి బటన్ల ఫోన్లే పెట్టుకున్నారు. 16,347 పోస్టులు, ఈసారి వదలకూడదని పట్టుదల. వాళ్లని ఎవరూ వెనకబడ్డారనలేదు. అమ్మగారి విషయంలో మాత్రం ఎందుకన్నానో.

భావనపాడు తీరం, మంగళవారం ఉదయం 5.30

యూపీఐ గురించి ఎవరైనా చెప్పండి. మా చిన్నాన్న బటన్ల ఫోన్‌తోనే డబ్బు పంపొచ్చంటున్నారు, నిజమేనా?

రాజాం సెల్ సర్వీస్, 9.10

నిజమే. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు యూపీఐ 123పే తెచ్చింది, బటన్ల ఫోన్ల కోసమే. నెట్ లేకుండా ఫోన్ కాల్‌తోనే నడుస్తుంది. అంతకుముందు నుంచీ *99# కొట్టి పంపే పద్ధతి ఉంది. పిన్ మాత్రం ఆయనే నొక్కాలి, షాపులో ఇంకొకరి చేత కొట్టించకూడదు. మొదటిసారి పది రూపాయలు పంపి చూడమను.

ఉద్దానం తమ్ముడూ, సిమ్ సంగతి ఇంకా చెప్పలేదు నువ్వు.

ఉద్దానం అబ్బాయి, ఆ తర్వాతి ఆదివారం రాత్రి 9.32

అందరికీ ఆలస్యంగా చెప్తున్నాను, క్షమించండి. శనివారం ఊరెళ్లి ఇప్పుడే వచ్చాను.

రాజాం అన్నా, అమ్మ సిమ్ 4జీదే. కాశీబుగ్గలో 4జీ వోల్టీ బటన్ల ఫోన్ ఒకటి తీసుకున్నాను. బటన్లు పెద్దవి, అంకెలు తెల్లగా అచ్చేసినవి. అమ్మ కొట్లోనే నిలబడి నాలుగైదు ఫోన్లు నొక్కి నొక్కి చూసింది. "ఇది మెత్తగుంది, ఇది గట్టిగుంది" అని చెప్తుంటే షాపతను కూడా ఓపిగ్గా ఒక్కొక్కటీ తీసి ఇచ్చాడు. గట్టిదే తీసుకుంది. పాతదాన్ని విప్పించి శుభ్రం చేయిస్తే మీరన్నట్టే 2 పలికింది. దాన్ని చార్జింగ్ పెట్టి అటక మీద ఉంచాను, మళ్లీ తుఫానుకి. మాటల ప్యాకు అడిగి మరీ వేయించాను.

టచ్ ఫోన్ బీరువాలోంచి బయటికొచ్చింది. వేరే సిమ్ వేశాం, నెట్ డబ్బు అన్నయ్య కడతాడు. టచ్ అండ్ హోల్డ్ లాంగ్ మీద పెట్టాను. స్క్రీన్ మీద పాప ఫొటో ఒక్కటే. అమ్మ పక్కన కూచున్నాను, చెయ్యి కట్టుకుని. మేట్ అక్క చెప్పినట్టు ఫోన్ ముట్టుకోలేదు. మొదట మూడుసార్లు పలకలేదు, వేలి కొసతో పొడుస్తోంది. "బొట్టు పెట్టినట్టు పెట్టమ్మా" అన్నాను. వేలి పొట్ట ఆనించింది. రింగ్ వెళ్లింది.

ఈ సాయంత్రం నేను బస్సులో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు, అమ్మ తనంతట తనే వీడియో చేసిందని. తెర మీద కనిపించింది మా ఇంటి దూలం, అమ్మ నుదురు సగం. పాప "నానమ్మా, కిందకి, ఇంకా కిందకి" అని అరుస్తుంటే అమ్మ ఫోన్ దించకుండా తనే కిందికి వంగిందట. రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసింది.

పెట్టేసిన వెంటనే బటన్ల ఫోన్‌లో 2 నొక్కి పట్టుకుని మళ్లీ అన్నయ్యకే చేసింది.

"నాను అగుపించానా?"